చిలుకమ్మ బూర

కొత్తవాడలో చిలుకమ్మ మాటకు తిరుగు లేదు. కడుపులో బిడ్డ గుండె కొట్టుకుంటోందని ఆమె అంటే కొట్టుకుంటున్నట్టే. ఆగిందంటే ఆగినట్టే. ఎందుకంటే ఆ బూర ఆమె ఒక్కతె దగ్గరే ఉంది.

జానెడు పొడుగున్న చెక్కబూర అది. ఒక కొస ఉమ్మెత్త పువ్వులా విచ్చుకుని ఉంటుంది. రెండో కొసకు చెవి ఆన్చడానికి చిన్న పళ్ళెం లాంటి చెక్క. నడుమ సన్నటి బొక్క. పువ్వు కొస కడుపు మీద పెట్టి, పళ్ళేనికి చెవి నొక్కి ఊపిరి బిగబడితే లోపలి బిడ్డ గుండె చప్పుడు పైకి వస్తుంది. వచ్చేది ఒక్క చెవికే. పక్కనున్న వాళ్ళు ఆ చెవి గలామె ముఖం చూసి తెలుసుకోవలసిందే.

రాజక్క ఆ ముఖాన్ని ఒక పగలంతా చూసింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో సంగతి. రాజక్కకు తొలి కాన్పు. అత్త రాములవ్వ ఆమెను గల్లీ చివరి కాన్పుల ఇంటికి నడిపించుకుని పోయింది. రేకుల కప్పు, సున్నం గోడలు, గోడకు మేకు, మేకుకు బూర. ములుగు అడవి ఊళ్ళలో ఏళ్ళ తరబడి నర్సుగా తిరిగి వచ్చిన చిలుకమ్మ సొంతంగా పెట్టుకున్న ఇల్లు. ఆ రోజు ఆమె ఎన్నిసార్లు బూర ఆన్చిందో అన్నిసార్లూ ఒకటే మాట.

“గుర్రమోలె ఉరుకుతాంది. ఫికర్ చెయ్యకు.”

పొద్దు వాలేసరికి బిడ్డ బయటపడింది. నీలంగా ఉంది. మెడ చుట్టూ పేగు బిగుసుకుని ఉంది. ఏడవలేదు.

చిలుకమ్మ చేతులు కడుక్కుంటూ రాములవ్వతో అంది. “గుండె ఆఖరు దాంక మంచిగనే కొట్టుకున్నదవ్వా. నొప్పులకు తల్లి సక్కగ ముక్కలే. నడుమల ఊపిరాగింది.”

ఆ మాటతో రాజక్క బిడ్డను చంపుకున్న తల్లి అయిపోయింది.

రాములవ్వ దాన్ని మరిచిపోనివ్వలేదు. బిందె ఎత్తేటప్పుడు ఆయాసపడితే “ముక్కుడు చాతగానిది, మూలుగుడు వచ్చు” అనేది. గల్లీలో ఎవరైనా బాలింతకు నీళ్ళు పోస్తుంటే “నువ్వు జర లోపలికి పో” అనేది. మొగుడు కైలాసం ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే అతని తీర్పు. ఆ తర్వాత రాజక్క కడుపు మళ్ళీ పండలేదు. చిలుకమ్మ మాత్రం బతుకమ్మ ఆటలో, పెళ్ళి పందిట్లో ఎదురుపడి నవ్వేది. “మంచిగున్నవా బిడ్డా?”

రాజక్క బతుకులో ఒక్క కోరికే మిగిలింది. ఆ మాట ఏ నోటి నుంచి వచ్చిందో ఆ నోటితోనే, అత్త వినేటట్టు, వెనక్కి మింగించాలి. ఎట్లా మింగించాలో మాత్రం తెలియలేదు.

దారి మిల్లు చూపించింది.

కైలాసం పనిచేసేది మిల్లులో సాంచాల షెడ్డులో, మరమగ్గాల మధ్య. రాజక్క పక్కనే నూలు కండెలు చుట్టే చోట. వందల సాంచాలు ఒక్కసారి కదిలితే అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు తీయకుండా పెదవులు మాత్రం కదిలిస్తారు. ఎదుటివాళ్ళు చూసి అందుకుంటారు. “అన్నం తిన్నవా?” అని ఈ కొసనుంచి పెదవులు అడిగితే, ఆ కొసనుంచి పెదవులు “ఇంకా లే” అంటాయి. పని చేయించే జాబరును తిట్టే తిట్లు కూడా అట్లానే. వాడు వెనక నిలబడ్డా ఒక్కటీ అందదు. పనిలో చేరిన కొన్నాళ్ళకు ఎవరికైనా ఆ మాట వచ్చేస్తుంది. రాజక్కకూ వచ్చింది.

కొన్నేళ్ళకు ఒక చలికాలంలో ఆడబిడ్డ నిర్మల మరిపెడ నుంచి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. రాములవ్వ ఆమెను చిలుకమ్మకు చూపించడానికి బయలుదేరింది. చెంబూ తువ్వాలా మోయడానికి రాజక్కను వెంట పిలిచింది.

“నువ్వు మంచం కాడికి రాకు. దూరం నిలవడు” అని దారిలోనే చెప్పింది.

రాజక్క గోడకు ఆనుకుని నిలబడింది. నిర్మల పడుకుంది. చిలుకమ్మ కడుపు తడిమి చూసి, బూర ఆన్చి, వంగి కళ్ళు మూసుకుంది. సరిగ్గా అప్పుడే పీరీల ఊరేగింపు గల్లీలోకి తిరిగింది. డప్పుల దెబ్బకు పైన రేకులు గలగల లాడాయి. నిర్మల చెవులు మూసుకుంది. రాములవ్వ గుమ్మం దాకా పోయి తొంగి చూసింది.

చిలుకమ్మ కదలలేదు. కనుబొమ్మ కూడా ముడి వేయలేదు. కాసేపటికి తాపీగా కళ్ళు తెరిచింది.

“గుర్రమోలె ఉరుకుతాంది.”

రాజక్క ఆమె ముఖం వంక చూసింది. ఈ డప్పుల్లో ఉరుము వినబడడమే కష్టం. ఈమెకు గుండె వినబడిందా?

అప్పుడు పాతది ఒకటి గుర్తుకొచ్చింది. తన నొప్పుల్లో, చిలుకమ్మ కళ్ళు మూసుకుని బూర మీద వంగినప్పుడు, తాను గొంతు చించుకుని పిలిచింది. “నర్సమ్మా, లోపల కదుల్తలేదే!” చిలుకమ్మ పలకలేదు. మనసు పెట్టి వింటోందని అందరూ అనుకున్నారు. కళ్ళు తెరిచాక మాత్రం ప్రతి మాటకూ జవాబు చెప్పింది.

కళ్ళు తెరిచాక.

డప్పులు దాటిపోయాయి. రాజక్క ఒక అడుగు ముందుకు వేసి చిలుకమ్మకు ఎదురుగా నిలిచింది. గొంతు తీయలేదు. సాంచాల షెడ్డులో అడిగినట్టు పెదవులతో మాత్రమే అడిగింది. నర్సమ్మా, కాన్పు ఎప్పుడైతది?

“అమాస దాటినంక అయితది” అంది చిలుకమ్మ.

నిర్మల తల తిప్పి చూసింది. “ఎవలు అడిగిన్రు నర్సమ్మా? ఎవలేం అనలే గదా?”

చిలుకమ్మ ముఖంలో రంగు ఒక్క క్షణం మారింది. వెంటనే నవ్వేసింది. “అడుగకముందే చెప్పాలె. నర్సంటే గంతే.”

రాజక్క కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విన నవ్వు అది. లోపల మాత్రం నిప్పు రాజుకుంది. ఇది చెవిటిది. నా బిడ్డ చచ్చిన రోజు కూడా చెవిటిదే. ఆ బూరలో దానికి ఏనాడూ ఏదీ వినపడలేదు.

ఆ పూట మిల్లుకు పోతూ కైలాసంతో చెప్పింది. అతను మొదట నడక ఆపాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

“నీ కడుపుల మంటకు నర్సమ్మ చెవులు కాలబెడ్తానవా? ఊరంత కాన్పులు చేస్తాంది. చెవిటిదైతే ఎవలకన్న తెల్వదా?”

“పెదవులు సూస్తాంది. మన షెడ్డుల లెక్క.”

“అయితే గియితే హన్మకొండ దవాఖానకు తీస్కపోదాం నిర్మలను. అవ్వకు నేను చెప్త.”

అంత మాట అన్నాడు. రాజక్క అవును అంటే సరిపోయేది. నిర్మల పెద్ద దవాఖానకు పోయేది, చిలుకమ్మ తన ఇంట్లో తాను ఉండేది, తాను ముక్కలేదన్న ఆ మాట అట్లాగే ఉండిపోయేది.

“అత్త ఒప్పుకోదు. ఊకో” అంది రాజక్క.

ఆ రోజు పని అయ్యాక కండెల కింద పడ్డ నూలు చెత్త గుప్పెడు తీసి నీళ్ళలో తడిపి, చిటికెన వేలంత ఉండగా బిగించి, కొంగు ముడిలో దాచుకుంది.

అమావాస్య దాటింది. ఒక పొద్దున, మిల్లు సైరను కూసిన కాసేపటికి, నిర్మలకు నొప్పులు మొదలయ్యాయి. రాజక్క పనికి పోలేదు. రాములవ్వ వద్దన్నా వినకుండా వెంట నడిచింది. గల్లీ ఆడవాళ్ళు పోశవ్వ, యాదవ్వ, ఇంకొందరు ఆనవాయితీ ప్రకారం వచ్చి కాన్పుల ఇంటి గుమ్మంలో చేరారు. తొలి కాన్పు దగ్గర వాడకట్టు ఉండాలి. రాజక్కకు కావలసింది కూడా అదే.

చిలుకమ్మ వెనక పొయ్యి దగ్గర చేతులు కడుక్కుంటోంది. అందరి కళ్ళూ నిర్మల మీద ఉన్నాయి. రాజక్క మేకు మీది బూర తీసింది. నూలు ఉండను పువ్వు కొసలోంచి లోపలికి తోసి, తలలోని సూదితో ఇంకా లోతుకు కూరింది. చెవి పెట్టి చూసుకుంది. చీకటి బావిలో తల పెట్టినట్టుంది. బూర మళ్ళీ మేకుకు వేలాడింది.

చిలుకమ్మ వచ్చింది. బూర తీసుకుని వంగింది. కళ్ళు మూసుకుంది. గుమ్మంలో ఆడవాళ్ళు మాట ఆపేశారు.

“గుర్రమోలె ఉరుకుతాంది. ఫికర్ లేదు.”

“నర్సమ్మా,” రాజక్క ఆమె ఎదుటికి వచ్చి అంది, “మా అత్తకు జర ఇనిపియ్యి. తొలి మనుమడు. మురుస్తది.”

“గది అందరికి ఇనవడది బిడ్డా. అలవాటుండాలె.”

“ఇయ్యి నర్సమ్మా, ఒక్కసారి ఇంట” అని రాములవ్వ చేయి చాపింది. గుమ్మంలో అందరూ చూస్తున్నారు. చిలుకమ్మకు ఇవ్వక తప్పలేదు.

రాములవ్వ చెవి ఆన్చింది. గడ్డం కిందికి వంచింది. ముఖం మెల్లగా మాడిపోయింది. “నాకేం ఇనవడ్తలేదు.”

“ముసలి చెవులవ్వా నీయి.”

“నా చెవులకేమైంది? గోడకవతల పిల్లి నడిస్తె ఇంట నేను.”

“గుర్రమోలె ఉరికేది గింతన్న ఇనవడకపాయె” అంటూ రాజక్క బూర అందుకుంది. తలలో సూది తీసింది. పువ్వు కొసలోకి దించి తిప్పి లాగింది. తడి నూలు ఉండ పాములా జారి బయటికి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టి గుమ్మం వైపు చూపించింది.

“గొట్టం నిండ నూలున్నది. నర్సమ్మకు గుర్రం ఇనవడ్డది.”

పోశవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. చిలుకమ్మ ఆ నూలు వంక చూస్తూ ఉండిపోయింది. “ఎవలు పెట్టిన్రు గిది?” అనడిగింది. 

రాజక్క ఆ ఉండను మంచం అంచు మీద వదిలి, ఆమెను చుట్టి వెనక్కి పోయింది.  వీపు వెనక నిలిచి గట్టిగా అరిచింది.

“చిలుకమ్మా! నీ కొంగుకు నిప్పంటింది!”

గుమ్మంలో ఆడవాళ్ళందరూ ఉలిక్కిపడి చిలుకమ్మ కొంగు వైపు చూశారు. మంచం మీది నిర్మల కూడా నొప్పి మరిచి తల ఎత్తింది. చిలుకమ్మ ఒక్కతె కదలలేదు. నూలు ఉండ మీది చూపు తిప్పలేదు. తల ఎత్తాక, అందరి కళ్ళూ తన కొంగు మీద ఎందుకున్నాయో తెలియక ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది.

“అయ్యో, చెవిటిది!” యాదవ్వ గట్టిగానే అంది. “ఇన్నొద్దులు చెవిటిదాని చేతుల కన్నమా!”

రాములవ్వ ఆ నూలు ఉండ చేతిలోకి తీసుకుంది. కోడలి వంక చూసింది. తర్వాత ఆ చూపులో వేరే మంట లేచింది. “ఓసి పాపిష్టిదానా, నూలు నువ్వు పెట్టినవా? నీ పగకు నా బిడ్డ కడుపు దొరికిందా?”

“ఆమె చెవులకు గొట్టం మూసినా తెరిచినా ఒక్కటే అత్తా.”

 రాములవ్వ రాజక్క చేతిలోంచి బూర గుంజుకుని నిర్మల కడుపు మీద ఆన్చింది. ఈసారి ఆమె ముఖంలో ప్రాణం వచ్చింది. “ఇనవడ్తాంది... కొట్టుకుంటాంది...” అంతలో నిర్మల నొప్పికి అరిచింది. రాములవ్వ పెదవులు ఆగిపోయాయి. “రాజక్కా... నెమ్మదైతాంది. ఆగి ఆగి కొడ్తాంది.”

రాజక్కకు అర్థమైంది. ఇదే. తన కడుపులో జరిగింది ఇదే. ఆనాడు ఎవరికీ వినపడలేదు, అంతే.

హన్మకొండ దాకా బండి కట్టే వ్యవధి లేదు. కాన్పు తెలిసిన చేతులు ఆ గదిలో రెండే ఉన్నాయి. అవి చిలుకమ్మవి. చిలుకమ్మ వాళ్ళ ముఖాలు చూసి ఏం జరుగుతోందో పట్టుకుంది. మంచం వైపు అడుగు వేసింది. రాజక్క అడ్డం నిలబడింది.

“ముందు చెప్పు. నా బిడ్డ గుండె నీకు ఇనవడ్డదా?”

“పక్కకు జరుగు. లోపల పేగు బిగుస్తాందేమో, సూడనియ్యి.”

“చెప్పు.”

“రాజక్కా, నీ కాల్మొక్త, నిర్మల సంగతి సూడు!” రాములవ్వ ఏడ్చింది.

రాజక్క కదలలేదు. చిలుకమ్మ కళ్ళలోకి చూస్తూ, ప్రతి మాటకూ పెదవులు సాగదీసి అంది. “మా అత్తకు ఇనవడేటట్టు చెప్పు.”

“ఇనవడలే!” చిలుకమ్మ అరిచింది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియలేదు. వాడంతా వినేటట్టు అరిచింది. “ఎన్నడు ఇనవడలే! ములుగుల చలిజరానికి కొయినైను గోలీలు మింగి మింగి రెండు చెవులు పోయినయ్. ఈ ఇల్లు పెట్టకముందే పోయినయ్. నీ బిడ్డ గుండె ఎప్పుడు ఆగిందో నాకు తెల్వది. నువ్వు ముక్కలేదని నా మీదికి రాకుండ అన్న. చాలా? ఇగ జరుగు!”

రాజక్క పక్కకు జరిగింది.

చిలుకమ్మ నిర్మలను ఎడమ పక్కకు తిప్పింది. చేతులతో కడుపు తడిమి, బిడ్డ వీపు ఎటున్నదో పట్టుకుని, బూరను కొంచెం కిందికి జరిపింది. “ఇక్కడ. నువ్వే ఇను. నాకు చెప్పాలె.”

రాజక్క చెవి ఆన్చింది. మొదట ఏమీ లేదు. మిల్లు హోరు ఒకటే, చెవుల్లో ఎప్పుడూ ఉండేదే. తన చెవులు కూడా పోయాయా అని భయం వేసింది. ఊపిరి బిగబట్టింది. హోరు అడుగునుంచి లేచింది. గోడకవతల ఎవరో మగ్గం నేస్తున్నట్టు, టకటక, టకటక.

నొప్పి వచ్చింది. మగ్గం మీద పోగు తెగినట్టు చప్పుడు మందగించింది. ఆమె ముఖం చిలుకమ్మ వైపే ఉంది. గొంతు తీయలేదు. నిర్మల భయపడకూడదు. పెదవులు మాత్రం కదిలాయి. తగ్గింది.

“ఇప్పుడు ముక్కద్దు బిడ్డా, ఊపిరి పీల్చు” అంది చిలుకమ్మ.

మళ్ళ లేచింది, అన్నాయి పెదవులు.

“ఇగ ముక్కు. ముక్కు నా తల్లీ!”

అట్లా నడిచింది. ఒక ఆడదాని చెవులు, ఇంకొక ఆడదాని చేతులు. తగ్గింది. లేచింది. బాగ తగ్గింది. చిలుకమ్మ వేళ్ళు బిడ్డ తల పక్కనుంచి లోపలికి పోయాయి. మెడ మీది పేగును కొక్కెంలా పట్టి, తల మీదుగా తప్పించాయి. మరుక్షణం బిడ్డ ఆమె చేతుల్లోకి జారింది. మగపిల్లవాడు. ఒక్క క్షణం గదిలో చప్పుడు లేదు. తర్వాత రేకులు అదిరేటట్టు ఏడ్చాడు.

రాములవ్వ బొడ్డు కోసిన పిల్లవాడిని తువ్వాలలో అందుకుంది. కూతురి దగ్గరికి పోలేదు. గుమ్మం వైపు పోలేదు. తిన్నగా కోడలి దగ్గరికి వచ్చి చేతులు చాపింది.

“ముక్కుడు చాతగానిదాని చేతుల పెడ్తానవా అత్తా?”

“కొట్టు పిల్లా,” అంది రాములవ్వ, “ఈ చెంప కొట్టు, ఆ చెంప కొట్టు. ముందు వీణ్ణి పట్టుకో.”

రాజక్క పట్టుకుంది. పిల్లవాడి రొమ్ము మీద చెవి పెట్టింది. బూర లేకుండానే వినబడింది. తన బిడ్డకు ఇట్లా ఎవరైనా పెట్టి ఉంటే.  పిల్లవాడిని నిర్మల పక్కన పడుకోబెట్టి, మంచం మీది బూర తీసి కొంగులో చుట్టుకుంది.

చిలుకమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. మోచేతుల దాకా నెత్తురు. రాజక్కను చూసి చేయి ఎత్తింది.

“నా చేతులు ఇంక మంచిగున్నయ్ రాజక్కా. నువ్వే సూస్తివి. నువ్వు నా పక్కన నిలవడు. నువ్వు ఇను, నేను చేస్త. ఎవలకు ఏం గాదు. నా బతుకు తియ్యకు.”

గది అంతా రాజక్క వైపు చూసింది.  రాజక్క వెనక్కి తిరిగింది. చిలుకమ్మకు ఆమె వీపు తప్ప ఏమీ కనపడకుండా నిలబడి, గుమ్మంలోని ఆడవాళ్ళకు చెప్పింది.

“నా బిడ్డ నీలమైననాడే ఈమె చేతులు గూడ చచ్చినయ్. రేపు పొద్దున ఈ తలుపుకు తాళం పడాలె. ఈ వాడల ఎవలు గూడ ఆమెకు కడుపు సూపియ్యద్దు. కాన్పులకు హన్మకొండ బండి మా ఇంటాయన కడ్తడు, నేను వెంట వస్త.”

“ఏమన్నవ్?” వెనకనుంచి చిలుకమ్మ అడిగింది. “ఇటు తిరుగు రాజక్కా. ఏమన్నవ్?”

రాజక్క తిరగలేదు. గుమ్మం దాటింది.

“పోశవ్వా, ఏమన్నదే ఆమె?”

పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాదవ్వ గల్లీ వైపు తిరిగింది. చిలుకమ్మ చూపు ఒక్కొక్క పెదవి కోసం వెతుక్కుంటూ చివరికి రాములవ్వ దగ్గర ఆగింది. రాములవ్వ మనుమడి మీద తువ్వాల సర్ది, గోడ వైపు ముఖం పెట్టుకుంది.